రోజ్‌మేరీ, ఎడమకి

కోచ్ గది తాళంచెవి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.
ఈసారి కవర్లో పెట్టి, బాయిలర్ గది తలుపు కిందనుంచి తోసి వెళ్ళాడు.
ఉత్తరం లేదు. చూయింగ్ గమ్ కాగితం ఒకటి ఉంది,
అదీ పొరపాటున పడిందే అయ్యుంటుంది.

తాళంచెవికి చుట్టిన టేపు మీద పేరు: హోలిస్.
గోటితో గీకితే కింద డెల్‌గాడో,
దాని కింద ప్రూయెట్,
అట్టడుగున, తడికి అలుక్కుపోయిన రాడ్‌కి.
నేను దేన్నీ పీకను. పైన కొత్తది అంటిస్తానంతే.
తాళంచెవి లావెక్కుతోంది, జట్టు చిక్కిపోతోంది.

ఒకప్పుడు పదకొండు మందితో ఆడిన ఊరు మాది.
తర్వాత ఎనిమిది. నిరుటినుంచి ఆరుగురు.
నెబ్రాస్కా పటంలో మా పేరు రాయడానికి బోలెడు చోటుంది,
రాసే తీరికే ఎవరికీ లేదు.
ధాన్యం ఎలివేటరు, పెట్రోలు బంకు, స్కూలు,
శుక్రవారం రాత్రి వెలిగే నాలుగు దీపస్తంభాలు.
నాలుగని అలవాటుగా అంటాం. ఒకటి వెలగదు.

నేను వెల్డాని. జెర్సీలు ఉతుకుతాను, బస్సు నడుపుతాను,
బాయిలర్ మొరాయిస్తే కాలితో ఒకటిస్తాను.
ఆట గురించి నాకు తెలిసిందల్లా మరకలు చెప్పిందే:
మోచేతుల దగ్గర గడ్డి పసరుంటే కుర్రాడు పడి లేచాడని,
వీపంతా ఉంటే కాసేపు ఆకాశం చూశాడని.

రాడ్‌కి భార్యకి లింకన్‌లో ఉద్యోగం దొరికింది.
ఊరికున్న ఒకే ఒక్క పశువుల డాక్టరు కొడుకుని
బెంచీ మీద కూర్చోబెట్టిన పాపానికి ప్రూయెట్‌ని సాగనంపారు.
డెల్‌గాడోకి కవలలు పుట్టారు, జీతం మాత్రం ఒక్కటే.
హోలిస్‌కి ఇరవైనాలుగేళ్ళు. అద్దె మిగులుతుందని
ఆ గదిలోనే పడుకునేవాడు. దుప్పటి నేనే ఉతికాను.
పెద్ద స్కూలు పిలిచింది, సీజను మధ్యలోనే.
ఎవర్నీ తిట్టను.
ఎండాకాలం గొడ్లు నీళ్ళున్న వైపే పోతాయి.

చిక్కల్లా ఇంకోచోట.
బంతి చంకన పెట్టుకుని ఎడమ అంచు వెంట ఉరికే ఆట ఒకటుంది.
రాడ్‌కి దానికి పెళ్ళాం పేరు పెట్టాడు, రోజ్‌మేరీ అని.
ప్రూయెట్ వచ్చి ముప్పైనాలుగు అన్నాడు.
డెల్‌గాడో నీలం అన్నాడు.
హోలిస్ అది పాతకాలపు సరుకని పుస్తకంలోంచే కొట్టేశాడు.

మంగళవారం అతను వెళ్ళాడు. శుక్రవారం ఆట.
పెద్దవాళ్ళెవరో ఒకరు నిలబడాలి కాబట్టి
ప్రిన్సిపాల్ ట్వర్డీ మెడలో ఈల వేసుకుని నిలబడింది,
ఊదితే ఏమవుతుందోనని భయపడుతూ.

ముప్పైఎనిమిది - ఆరు. ఆరు మాది.
చివరి పావుభాగంలో ఎమెట్ స్వొబొడా అరిచాడు:
"రోజ్‌మేరీ! ఎడమకి!"
పన్నెండో తరగతి వాళ్ళిద్దరూ కదిలారు.
మిగతావాళ్ళు ఎవరి మేనత్తో వచ్చిందన్నట్టు స్టాండ్స్ వైపు చూశారు.
తొమ్మిదో తరగతి కిప్ కుడికి పరుగెత్తి
రిఫరీని గుద్దుకున్నాడు.
అవతలి ఊరివాళ్ళు నవ్వారు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను.

ఎమెట్ నవ్వలేదు. గీతమీది సున్నంలో వేలు ముంచి
కిప్ వీపు మీద ఏదో గీశాడు, నెమ్మదిగా,
పలక మీద అక్షరాలు దిద్దించినట్టు.
మళ్ళీ అదే పేరు అరిచాడు.

ఆరుగురూ ఎడమకి కదిలారు.
నాలుగు గజాలు.
నాలుగంటే నాలుగే, ఆ తర్వాత బంతి జారింది.

రాత్రి పదకొండున్నర. ఊరికి పద్నాలుగు మైళ్ళ దూరాన
బస్సు నిద్రపోయింది, ఒక్క డ్రైవరు తప్ప.

ఇప్పుడు వాషింగ్ మెషిన్ ముందు కూర్చున్నాను.
తాళంచెవికి కొత్త టేపు చుట్టాను, పెన్ను మూత తీశాను,
మళ్ళీ పెట్టేశాను.
కిప్ జెర్సీ వీపున తెల్లటి గీత ఒకటి,
తిన్నగా వెళ్ళి ఎడమకి వంగింది.
సోమవారానికి కావాలి, ఉతకక తప్పదు.
మిగతావన్నీ వేశాక వేద్దామని
దాన్ని కుర్చీ వీపుకి తగిలించాను.